తినే బ్యాటరీ ఎందుకు? ఎలా?

గడియారంలోని బిళ్ల బ్యాటరీని పసిపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుపోవచ్చు. దాని కరెంటు వల్ల అక్కడి తడిలో క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. మరి పొట్టలోకి వెళ్లి జబ్బు కనిపెట్టాల్సిన పరికరానికి కరెంటు ఎలా? 2023లో ఇటలీలోని మిలాన్‌లో మారియో కైరోనీ బృందం తినే పదార్థాలతోనే రీచార్జి బ్యాటరీ చేసింది. ఒక ధ్రువంలో పాలల్లో, బాదంలో ఉండే బి2 విటమిన్. రెండోదాంట్లో ఉల్లిపాయల్లోనూ దొరికే క్వెర్సెటిన్. కరెంటు పారడానికి బొగ్గుపొడి, మధ్య అడ్డుతెరగా సముద్రపు నాచు, తీగలకు బదులు బంగారు రేకు, అన్నిటికీ పైతొడుగుగా తేనెమైనం.

ఇచ్చేది 0.65 వోల్టులే, ఏం లాభం అనొచ్చు. ఆ తక్కువే దాని గొప్ప, ఒంటికి హాని చేయదు. 48 మైక్రోఆంపియర్లు 12 నిమిషాలు ఇచ్చింది, చిన్న సెన్సర్‌కు అది చాలు. బంగారం అరగదుగా? అరగదు, దేనితోనూ కలవకుండా బయటికి పోతుంది. ఇదింకా ప్రయోగశాల దాటలేదు. అందాకా ఇంట్లో బిళ్ల బ్యాటరీలను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అందనివ్వకండి.