పూలగడ్డల విశ్రాంతి

మన పెరడులలో మల్లెకును మందారమునకును దొరకెడి శ్రద్ధ గడ్డజాతి పూలకు దొరకదు. దొరకినను తగిన కాలమున దొరకదు. పూచినన్ని దినములు ఇంటిల్లిపాదియు ముచ్చటపడి నీరు పోయుదురు. పూవు వాడిన మరునాడే ఆ కుండీని మరచిపోవుదురు. ఏడాది తిరిగిన పిమ్మట "ఈసారి ఆకులే గాని పూవు రాలేదేమి?" అని మమ్మడుగువారు పెక్కుమంది. దీనికి సమాధానము పూచెడి నెలలో లేదు. పూవు రాలిన తరువాతి నెలలలో ఉన్నది.

వంటయింటి ఉల్లిగడ్డ నొకదానిని నిలువుగా రెండు చెక్కలు చేసి చూడుడు. అడుగున గట్టి బిళ్ళ వంటి భాగ మొకటి కనబడును. అదియే దాని కాండము. దాని నాశ్రయించుకొని యున్న పొరలన్నియు ఆహారమును దాచుకొన్న ఆకుల మొదళ్ళు. నట్టనడుమ లేత మొగ్గ యుండును. వేసవి మొదట కుండీలలో పూచెడి ఎర్రలిల్లీ గడ్డ కట్టడమును ఇట్టిదే. నర్సరీలవారు దీనిని అమరిల్లిస్ అని అమ్ముదురు. వృక్షశాస్త్రజ్ఞులు హిప్పియాస్ట్రమ్ అందురు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. ఈ గడ్డలో సామాన్యముగా నాలుగేసి ఆకుల కొక పూకాడ చొప్పున మొలక లేర్పడును. చైత్రమున మనము చూచెడి పూవు ఆ వేసవిలో పుట్టినది కాదు. అంతకు చాలా ముందే గడ్డలోపల రూపుదిద్దుకొని, గడచిన వర్షకాలమున ఆకులు కూడబెట్టిన ఆహారముతో ఎదిగినది. ఆకులు తగ్గినచో పూకాడలును తగ్గుననుటకు ఇంతకంటె సాక్ష్య మక్కరలేదు.

కావున పూలు వాడగనే పూకాడను మాత్రము మొదలంట కోసివేసి, ఆకుల జోలికి పోరాదు. అవి వ్రేలాడినను, అందము చెడినను, ముడివేయరాదు, జడ అల్లరాదు. తొలినాళ్లలో మేమును ఆ పొరపాటు చేసితిమి. పండుగకు వాకిలి శుభ్రముగా నుండవలెనని శ్రావణమాసమున పచ్చని ఆకుల నన్నిటిని కత్తిరించితిమి. మరుసటి వేసవిలో పండ్రెండు కుండీలలో రెండే పూచినవి.

వర్షకాలమంతయు ఎండ తగులుచోట కుండీ నుంచి, పక్షమున కొకసారి పలుచని పేడనీరు పోసిన చాలును. కార్తికము దాటిన పిమ్మట నీటిని క్రమముగా తగ్గించి, మార్గశిర పుష్యములలో పూర్తిగా మానివేయవలెను. ఇదియే గృహిణులకు మిక్కిలి కష్టమైన పని. ఎండిన కుండీని చూచి జాలిపడి చెంబెడు నీరు పోయని చేయి అరుదు! కాని ఎనిమిది పది వారముల ఈ ఎండుపాటే గడ్డకు నిద్ర. నిద్రలో నున్న గడ్డకు నీరు పోసినచో అది మేల్కొనుటకంటె కుళ్ళుటయే తరచు. మాఘము చివర పైమట్టిని అంగుళము మేర తీసి, క్రొత్త ఎరువు చేర్చి, తిరిగి నీరు ప్రారంభింపవలెను. గడ్డ మెడభాగము మట్టికి పైననే యుండవలెను. దానిని లోతుగా పూడ్చుట మరియొక సామాన్యదోషము.

నేలసంపెంగ తీరు వేరు. పెండ్లిదండలలో లిల్లీ యని వాడెడిది ఇదియే. మెక్సికో దేశమునుండి వచ్చిన ఈ మొక్కలో ఒకసారి పూచిన గడ్డ మరల పూయదు. దాని చుట్టు పుట్టిన పిల్లగడ్డలే తరువాతి పూత నిచ్చును. అందుచేత రెండు మూడేండ్ల కొకసారి త్రవ్వి విడదీయని పాదు పిల్లలతో క్రిక్కిరిసి, గడ్డివలె ఆకులు వేయుచు పూత మానును. చలికాలమున ఆకులు పసుపెక్కినపుడు త్రవ్వి, నెల నెలన్నర నీడను ఆరబెట్టి, మాఘ ఫాల్గుణములలో రెండంగుళముల లోతున, జానెడు దూరమున నాటవలెను. అంగుళము మందమునకు తక్కువైన గడ్డలు తొలియేడు ఆకులే వేయును. వానిని వేరొక మూల నాటి పెంచుకొనుట మంచిది. నాటిన మూడు నాలుగు నెలలకు పూత వచ్చును. పరిమళమునకు ఒంటిరేకు రకమే మేలు. ముద్దరకము పూజాడీలో అందగించును. బెంగుళూరు ఉద్యానపరిశోధనసంస్థ వెలువరించిన ప్రజ్వల్ ఒంటిరేకుది, సువాసిని ముద్దది.

వానలిల్లీకి ఇంత సేవ అక్కరలేదు. గట్టువెంబడి నాటి విడిచినచో మంచి వాన కురిసిన నాలుగైదు దినములకు తనంతట తానే పూచును. ఇక రంగుల బొమ్మలు చూచి ట్యూలిప్ గడ్డలు తెప్పించుకొనువారికి మా మాట: ఆ గడ్డకు పండ్రెండు వారములకు పైగా 9 డిగ్రీలకు లోబడిన చలి కావలెను. కాశ్మీరములో అది సహజము. మన మైదానములలో అది వృథావ్యయము.

వర్షకాలమున లిల్లీ ఆకులపై నల్లని మేన తెలుపు, ఎరుపు మచ్చలు గల గొంగళిపురుగులు గుంపుగా చేరి, రెండు మూడు దినములలో ఆకులను మొదలంట తినివేయును. తెల్లవారుజామున వెదకి ఏరి సబ్బునీటిలో వేయుటయే ఇంటితోటకు చాలిన మందు.

చివరగా ఒక హెచ్చరిక. ఎర్రలిల్లీ, వానలిల్లీ గడ్డలలో లైకోరిన్ అను విషపదార్థ మున్నది. తిన్నచో వాంతులు, విరేచనములు కలుగును. త్రవ్వి ఆరబెట్టిన గడ్డ ఉల్లిగడ్డవలెనే యుండును గనుక దానిని వంటయింటి గంపదరికి రానీయరాదు. గుడ్డసంచిలో పోసి, పేరును త్రవ్విన తేదీని చీటీపై వ్రాసి కట్టి, పిల్లల కందని అటకపై నుంచవలెను. నాటుకాలమునను ఆ చీటీయే అక్కరకు వచ్చును. ఎండిన పిమ్మట ఏ గడ్డ యేదో గుర్తించుట మాకును నేటికి సాధ్యము కాలేదు.