బాలాజీ దర్శనమయ్యాక బండి వెనక్కి తిప్పకండి!

సెలవురోజొస్తే చిలుకూరు దారి కిటకిటలాడిపోతుంది. పదకొండు ప్రదక్షిణలు, ఓ దండం, గుడి బయట కాల్చిన మక్కకంకి... వెంటనే కారు నగరం వైపు తిరిగిపోతుంది. హైదరాబాదీలకి మొయినాబాద్ అంటే చాలావరకు ఇంతే. మహా అయితే ఎవరో స్నేహితుడి ఫామ్‌హౌస్‌లో పుట్టినరోజు పార్టీ!

వీసా దేవుడి గురించి కొత్తగా చెప్పడానికేముంది? హుండీ లేని గుడి, వీఐపీ దర్శనం లేని గుడి, కోరిక తీరితే మళ్లీ వచ్చి 108 చుట్లు తిరిగే గుడి అని అందరికీ తెలుసు. కానీ ఆ ఊరివాళ్లతో, పక్క ఊళ్లవాళ్లతో కాసేపు మాటలు కలిపితే కథ వేరేగా ఉంటుంది. చుట్టాలొస్తే వాళ్లు చూపించే జాబితాలో గుడి తర్వాత ఓ చెరువుంటుంది, ఓ అడవి ఉంటుంది, ఎక్కడో పొలాల మధ్య పాత రాతి స్తంభాలుంటాయి. అన్నిటికంటే ముందు మాత్రం మర్రిచెట్లుంటాయి.

మర్రి పందిరి

నగరం నుంచి చేవెళ్ల మీదుగా వెళ్లే రహదారికి ఇప్పుడు ఎన్‌హెచ్-163 అని నంబరుంది. జనం నోట్లో అది ఇప్పటికీ బీజాపూర్ రోడ్డే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు! వందేళ్ల కిందట, నిజాం జమానాలో నాటినవి. ఎడ్లబండ్ల మీద ప్రయాణించే రోజుల్లో బాటసారికి నీడ కోసం వేసిన వరసలవి. ఎడ్లు పోయాయి, బండ్లు పోయాయి, నీడ మిగిలింది.

మొయినాబాద్ దాటాక కొన్నిచోట్ల రెండు వైపుల కొమ్మలూ నడిరోడ్డు మీద కలుసుకుని పందిరి వేసేస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా అద్దం దించితే గాలి మారిన సంగతి తెలుస్తుంది. పళ్లు ఎర్రబడే రోజుల్లో వస్తే ఇంకా బాగుంటుంది. గోరింకలు, కోకిలలు, చిలకలు, ఉడతలు, చీకటి పడితే గబ్బిలాలు... ఒక్కో చెట్టూ ఓ సంతే. మర్రికి ఓ చిత్రమైన లక్షణముంది. దాని పువ్వు బయటికి కనిపించదు, కాయలోపలే ఉంటుంది. పరాగసంపర్కం చేయడానికి మర్రి కోసమే పుట్టినట్టుండే చిన్న కందిరీగ ఒకటి ఆ కాయలోకి దూరాలి. ఆ పురుగు లేకపోతే మర్రికి విత్తనమే లేదు.

పిల్లలమర్రి చూడ్డానికి మహబూబ్‌నగర్ దాకా, తిమ్మమ్మ మర్రిమాను కోసం కదిరి దాకా వెళ్తాం. అవి ఒక్కొక్క మహావృక్షం. ఇక్కడున్నది మర్రిచెట్ల ఊరేగింపు! ఇలాంటి రోడ్డు హైదరాబాద్ చుట్టుపక్కల మరోటి లేదంటే అతిశయోక్తి కాదు.

అయితే ఈ పందిరి కింద ఓ పెద్ద పేచీ నడిచింది. రోడ్డు సన్నం, బండ్లు ఎక్కువ. నాలుగు వరసలుగా వెడల్పు చేయాలన్నది చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు వైపు జనం ఏళ్ల తరబడి అడుగుతున్న మాట. చెట్లు కొట్టొద్దంటూ నగరంలోని ప్రకృతి ప్రేమికులు ‘సేవ్ బన్యన్స్ ఆఫ్ చేవెళ్ల’ పేరుతో కదిలారు. ఒక్కో చెట్టునీ లెక్కపెట్టారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. చివరికి 2025లో మధ్యేమార్గం దొరికింది. వీలైనన్ని చెట్లను ఉన్నచోటే ఉంచి రోడ్డును పక్కకి జరపడం, తప్పనిసరైనవాటిని వేళ్లతో సహా తీసి వేరేచోట నాటడం దాని సారాంశం.

ఆ సిరా ఆరకముందే, 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొంది. కనీసం 19 మంది ప్రాణాలు పోయాయి. తాండూరు నుంచి పొద్దున్నే నగరానికి బయల్దేరినవాళ్లు వాళ్లు. రోజూ ఆ దారిన వచ్చిపోయేవాళ్లకి రోడ్డు వెడల్పు సోకు కాదు, ప్రాణావసరం. చెట్టా, మనిషా అన్న వాదన ఆదివారం షికారుకొచ్చినవాళ్లకి తేలికే. పొద్దున ఆరింటి బస్సులో పనికెళ్లేవాళ్లకి తేలిక కాదు. ఆ రెండూ మిగలాలనే కదా ఇన్నేళ్లు తంటాలు పడింది!

కాబట్టి చూడాలనుకునేవాళ్లు ఆలస్యం చేయకపోవడం మేలు. రోడ్డు పని పూర్తయ్యాక చెట్లు చాలావరకు ఉంటాయి కానీ ఆ పందిరి ఇలాగే ఉండదు.

రెండు చెరువుల నడుమ

పటం తీసి చూస్తే మొయినాబాద్ మండలం ఉన్న చోటు తమాషాగా ఉంటుంది. ఉత్తరాన ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. దక్షిణాన హిమాయత్‌సాగర్. అటు మూసీ, ఇటు ఈసీ. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ఊడ్చేసి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన జలాశయాలివి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ వరదరోజు నూటయాభై మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చెట్టుకీ, చెరువుకీ నగరం పడ్డ బాకీ చిన్నదేం కాదు!

గండిపేట కట్ట నగరం వైపు ఉంది, అక్కడ ఎప్పుడూ జనమే. చిలుకూరు వైపు నుంచి చూస్తే అదే చెరువు మరోలా కనిపిస్తుంది. నీళ్లు తగ్గిన రోజుల్లో గడ్డిమైదానం, దాంట్లో మేసే గొర్రెలు, దూరంగా కొంగలు. చలికాలమైతే వలస పక్షులూ దిగుతాయి. దసరా ముందు ఈ గట్లమీద తంగేడు, గునుగు విరగబూస్తాయి. బతుకమ్మకి పువ్వు కొనాల్సిన పనే ఉండదు.

ఇంత దగ్గర్లో ఇంత పచ్చదనం ఎలా మిగిలింది? దానికి జవాబు ఓ ప్రభుత్వ ఉత్తర్వు. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలకు, కాలుష్య పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది. పక్కనే గచ్చిబౌలి ఆకాశానికి ఎగబాకుతుంటే ఈ ఊళ్లు పూలు, కూరగాయలు పండించుకుంటూ ఉండిపోయాయి. భూముల ధరలు పెరగనీయలేదన్న కోపం రైతులకుంది, అది అన్యాయమైన కోపమూ కాదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దుకే నిర్ణయించింది. వివాదం కోర్టుల దాకా పోయింది.

గుడికి కూతవేటు దూరంలోనే మృగవని జాతీయ ఉద్యానవనముంది. 1994లో ఏర్పడింది, విస్తీర్ణం మూడున్నర చదరపు కిలోమీటర్ల పైమాటే. చుక్కల దుప్పులు, కణుజులు, నెమళ్లు, అడవిపందులు ఇక్కడి కాపురస్థులు. గుడికొచ్చేవాళ్లలో పదోవంతు మంది కూడా దీని గేటు వైపు చూడరేమో! పొద్దున్నే వెళ్తే జంతువులు కనిపిస్తాయి, ఎండెక్కితే కీచురాళ్లే.

తూములో తీర్థంకరులు

చిలుకూరు అంటే బాలాజీ ఒక్కడే అనుకుంటే పొరపాటు. రాష్ట్రకూటులు, వేములవాడ చాళుక్యుల కాలంలో ఈ ప్రాంతంలో జైనం వెలిగింది. ఆ జాడ 2023లో మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలో దొరికింది. పురావస్తు పరిశోధకులు ఈమని శివనాగిరెడ్డి అక్కడ రెండు చతురస్ర స్తంభాలను గుర్తించారు. వాటిమీద ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు ధ్యానంలో కూర్చుని ఉన్నారు. తెలుగు-కన్నడ లిపిలో శాసనమూ ఉంది, అందులో జైన బసది ప్రస్తావన ఉంది. విశేషమేంటంటే ఆ స్తంభాలున్నది ఊరి చెరువు తూము దగ్గర! ఎప్పుడో శిథిలమైన బసది రాళ్లని తెచ్చి తూముకి వాడేసుకున్నారన్నమాట. వెయ్యేళ్ల నాటి తీర్థంకరులు పొలాలకు నీళ్లు వదిలే పనిలో కుదిరారు. మ్యూజియంలో ఎన్ని చూసినా ఈ ఉద్యోగం చేసిన విగ్రహాలు కనిపించవు.

ఇంకాస్త ఓపికుంటే శంకర్‌పల్లి దగ్గరి చందిప్పకి వెళ్లొచ్చు. అక్కడ బ్రహ్మసూత్ర మరకత సోమేశ్వరాలయం ఉంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటిదని చెబుతారు.

మెహిదీపట్నం నుంచి చిలుకూరుకి, చేవెళ్లకి ఆర్టీసీ బస్సులున్నాయి. ఎన్కేపల్లి, చందిప్పలకి మాత్రం సొంత బండే సుఖం. చేవెళ్ల ఊళ్లో టీ తాగుతూ అక్కడి పెద్దల్ని కదిలిస్తే 2003 ఏప్రిల్ 9న వై.ఎస్.రాజశేఖరరెడ్డి పాదయాత్ర ఇక్కడే మొదలైన సంగతి మొదలుపెడతారు, సమయం ఉంచుకుని కూర్చోండి. మర్రిచెట్లను ఫొటో తీయాలంటే మాత్రం రోడ్డు మీద బండి ఆపొద్దు, పక్క ఊరి బాటలోకి తిప్పి నిలిపి నడిచి రండి. చీకటి పడకముందే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. ఆ దారిలో టిప్పర్లు ఎక్కువ.