అగ్గిపుల్ల ఎవరు గీయాలి?

ఉయ్యూరు దాటాక ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా క్లాసులో కుడివైపు బెంచీలు మగపిల్లలవి, ఎడమవైపువి ఆడపిల్లలవి. పేరుకు కలిసి చదువే. కిందటేడు పదో తరగతికి ప్రయోగం చేయిస్తున్నాను. ఏ జట్టులో చూసినా టెస్ట్ ట్యూబు అబ్బాయి చేతిలో, రికార్డు అమ్మాయి ఒళ్లో. జింకు ముక్కల మీద యాసిడ్ పోసి, వెలిగించిన పుల్ల మూతి దగ్గర పెడితే టప్‌మంది. అబ్బాయిలు కేరింతలు కొట్టారు. అమ్మాయిలు ఓసారి తలెత్తి చూసి, ‘హైడ్రోజన్ వెలువడింది’ అని రాసుకున్నారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

నేను బెజవాడలో ఇంటరు చదివింది ఆడపిల్లల కాలేజీలో. బ్యూరెట్టు బిగించినా, పగిలితే డబ్బు కట్టినా మేమే. నువ్వుండు, నేను చేస్తానంటూ లాక్కునేవాళ్లు లేరు. ఆ ఊళ్లో విడివిడి కాలేజీల ఆనవాయితీ పాతదే. 1953లో ఆంధ్ర లయోలా మగపిల్లలకు, 1962లో మారిస్ స్టెల్లా ఆడపిల్లలకు వచ్చాయి. 1986లో శ్రీచైతన్య మొదలైందీ అమ్మాయిల జూనియర్ కాలేజీగానే. ఆడపిల్లల కాలేజీ అంటేనే గడప దాటనిచ్చిన ఇళ్లు మా డెల్టా ఊళ్లలో ఎన్నో. మాదీ అలాంటి ఇల్లే. కానీ బీఈడీలో పక్క బెంచీ అబ్బాయిని నోట్సు అడగడానికి నాకు నెల పట్టింది.

ఇంతకీ విడి బడి మేలా, కలిసిన బడి మేలా? 2014లో అమెరికా పరిశోధకులు దీని మీద 21 దేశాల్లో 16 లక్షల మంది పిల్లల మీద జరిగిన 184 అధ్యయనాలను కలిపి చూశారు. ఇంటి స్తోమత, అంతకుముందు చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్న వాటిలో, విడి బడికీ కలిసిన బడికీ చాలా విషయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చేరేటప్పుడే ఉన్న తేడాను మనం బడి ఖాతాలో వేస్తున్నామన్నమాట. అందుకే ఏ బడి అని అడిగే తల్లిదండ్రులతో, ల్యాబులో మీ పిల్ల ఏం చేస్తోందో అడగండి అంటాను.

ఈ ఏడు గోడకు వంతుల కాగితం అంటించాను. వారం మారితే పని మారాలి. మొదటి రోజు ఒకమ్మాయి పుల్ల గీయబోతే చెయ్యి వణికింది. పక్కనున్నవాడు అందుకోబోయాడు. “ఆగరా” అన్నాను. మూడో పుల్ల అంటుకుంది, టప్‌మంది. వాడు రికార్డు ముందేసుకుని ఆ పిల్లనే అడిగాడు: “ఈ బొమ్మ ఎలా వెయ్యాలి?”