ఇద్దరు దొరలూ, ఒక ఊరి పేరూ

జగిత్యాల పేరెట్లా వచ్చిందని మా వూళ్లో ఎవరినడిగినా జవాబు తయారుగా వుంటుంది: "జాక్, తాల్ అని ఇద్దరు ఫ్రెంచి దొరలుండిరి సార్. ఖిల్లా కట్టింది వాండ్లే." 1747లో జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కోట కట్టిన మాట నిజమే. నక్షత్రాకారం, చుట్టూ కందకం - పరదేశపు పోకడ చూడగానే తెలుస్తుంది. ఇక పేరంటారా, జాక్, తాల్ కలిసి జగిత్యాల కావడానికి ఏ సంధిసూత్రం పనికివచ్చిందో తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈనాటికీ అంతుపట్టలేదు!

ఈ సందేహమే తరగతిలో వెలిబుచ్చితే, ఒక కోరుట్ల కుర్రవాడు లేచి, "మరి మా వూరు ఏ దొర కట్టిండు సార్?" అన్నాడు. (దొర అనే మాటకు మా ప్రాంతంలో వేరే అర్థాలూ వున్నాయి లెండి!) సిరిసిల్ల పిల్ల ఊరుకుంటుందా? "మాకు దొరలెందుకు సార్? మా నల్ల పరంధాములు గారు అగ్గిపెట్టెల పట్టే చీర నేసిండ్రు" అన్నది.

అక్షరాలా నిజం. ఆయన కుమారుడు విజయ్ కూడా ఆ విద్య నిలబెట్టాడు. అయితే సిరిసిల్ల వీధుల్లో నేడు చెవిని పడేది మరమగ్గాల చప్పుడే. అగ్గిపెట్టె చీరలతో ఎన్ని సంసారాలు గడుస్తాయి?

ఇంటికొచ్చి మా ఆవిడతో ఈ సంగతి చెప్పాను.

"చీరలన్నీ గట్లనే నేస్తే బీరువాల మీ పుస్తకాలకు గూడ జాగ దొరుకు!" అన్నది.