కొండ మీద కొళాయి, కొండంత అప్పు

మంచు పడే ఊళ్ళలో కాపురాలు పెట్టుకున్న మన తెలుగువాళ్ళకి చలికాలంలో ఒక్కసారైనా స్కీ కొండకి వెళ్ళిరావడం ఆనవాయితీ అయిపోయింది. పిల్లలు జారతారు, మనం పడతాం, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కిందటి చలికాలం అలాగే వెర్మాంట్ రాష్ట్రంలో కిల్లింగ్‌టన్ వెళ్ళాం. రాత్రి హోటల్లో వేడినీళ్ళ స్నానం చేసి వచ్చి మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, ఈ కొండ మీద ఇంతమందికి ఇన్ని నీళ్ళు ఎవరిస్తున్నారు? వాడేశాక ఎక్కడికి పోతున్నాయి?"

"కిందకి" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు కానీ నేను ఊరుకోలేకపోయాను. ఇంటికి వచ్చి చదవడం మొదలుపెడితే నీళ్ళ వెనక గొట్టాలు, గొట్టాల వెనక అప్పు, అప్పు వెనక చాలా ఆసక్తికరమైన లెక్క కనిపించాయి. ఆ లెక్కే ఈ వ్యాసం.

ఊరు చిన్నది, పండగ పెద్దది

కిల్లింగ్‌టన్ కొండ మీద స్కీయింగ్ మొదలయినది 1958 డిసెంబరులో. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊళ్ళో స్థిరంగా ఉండేవాళ్ళు 1,407 మంది. కానీ క్రిస్మస్ వారంలోనో, ఫిబ్రవరి సెలవుల్లోనో అక్కడ ఉండే జనం దానికి ఎన్నో రెట్లు.

ఇంజనీరు గొట్టం సైజు నిర్ణయించేటప్పుడు ఏడాది సగటు చూడడు. అందరూ ఒకే సాయంత్రం కొండ దిగి ఒకేసారి స్నానానికి దూరే రోజు ఒకటి ఉంటుంది చూడండి, ఆ రోజుకి సరిపోయేలా వేస్తాడు. పైగా నాలుగంతస్తుల హోటల్ కడితే అగ్నిమాపక యంత్రానికి కావలసినన్ని నీళ్ళు ఎప్పుడూ టాంకులో సిద్ధంగా ఉండాలి. అంటే వేసవిలో బోసిగా ఉండే ఊరికి పట్నానికి సరిపడే పంపులు, టాంకులు, రోడ్లు కావాలి. మన తిరుమల కొండకీ ఇదే ఇబ్బంది: ఉండేవాళ్ళు కొద్దిమంది, వచ్చిపోయేవాళ్ళు లెక్కలేనంతమంది. కానీ అక్కడ ఖర్చు పెట్టడానికి దేవస్థానం ఉంది. స్కీ కొండకి హుండీ లేదు.

కొండలకి ఇంకో చిక్కు కూడా ఉంది. చలికాలంలో నీళ్ళన్నీ మంచుగా గడ్డకట్టి కొండ మీదే ఉండిపోతాయి కాబట్టి వాగులు సన్నబడతాయి. సరిగ్గా అప్పుడే జనం వస్తారు. దానికి తోడు కృత్రిమంగా మంచు తయారు చెయ్యడానికీ నీళ్ళు కావాలి. ఒక ఎకరం మీద ఒక అడుగు మందాన మంచు పరచాలంటే ఇంచుమించు లక్షా అరవై వేల గ్యాలన్లు పడుతుంది.

మురుగునీటి సంగతి ఇంకా తమాషా. మురుగుని శుభ్రం చేసేవి సూక్ష్మజీవులు. పెరుగు తోడుకోడానికి వెచ్చదనం కావలసినట్టే వాటికీ వెచ్చదనం కావాలి, రోజూ సమంగా మేత కావాలి. స్కీ కొండ మీద వాటికి దొరికేది చలి. మేత చూస్తే ఒక వారం పస్తు, మరో వారం విందు. అందుకని అలాంటిచోట శుద్ధి కేంద్రం కట్టడం మామూలు ఊళ్ళో కన్నా ఖరీదైన వ్యవహారం.

సరే, ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? గొట్టాలు లేకపోతే ఇళ్ళు కట్టను అంటాడు బిల్డరు. ఇళ్ళు లేకపోతే గొట్టాలకి డబ్బు లేదంటుంది ఊరు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇలాంటి సందర్భానికే పుట్టి ఉంటుంది.

కిల్లింగ్‌టన్ దారి: రేపటి పన్ను మీద ఈనాటి అప్పు

ఈ ముడి విప్పడానికి అమెరికాలో చాలా రాష్ట్రాలు వాడే ఉపాయం పేరు టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్. పొడి అక్షరాల్లో టిఫ్ అంటారు. "పెరిగిన పన్నుతో తీర్చే అప్పు" అని మనం చెప్పుకోవచ్చు. ఇది 1952లో కాలిఫోర్నియాలో మొదలయింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులో అంకెలు నేను కల్పించినవే, లెక్క అర్థం కావడానికి. కొండ కింద ఉన్న ఖాళీ స్థలం విలువ ఇవాళ కోటి డాలర్లు అనుకోండి. ఆస్తిపన్ను 2 శాతం, అంటే ఏడాదికి 2 లక్షలు. ఊరు కోటి డాలర్లు అప్పు తెచ్చి గొట్టాలు, రోడ్డు వేస్తుంది. అది చూసి బిల్డరు ఇళ్ళు, హోటళ్ళు కడతాడు. స్థలం విలువ 11 కోట్లవుతుంది. పన్ను 22 లక్షలవుతుంది. పాత 2 లక్షలు ఎప్పటిలాగే బడికీ ఊరికీ పోతాయి. కొత్తగా వచ్చిన 20 లక్షల్లో 70 శాతం, అంటే 14 లక్షలు, అప్పు తీర్చడానికి పక్కన పెడతారు. 4 శాతం వడ్డీకి 20 ఏళ్ళ అప్పు అయితే ఏటా కట్టవలసిన వాయిదా సుమారు 7 లక్షల 36 వేలు. హాయిగా సరిపోతుంది. ఎవరి పన్నూ పెరగలేదు, గొట్టాలు వచ్చాయి.

ఇప్పుడు బిల్డరు సగమే కట్టి ఆగిపోయాడనుకుందాం. కొత్త పన్ను 10 లక్షలు, అందులో 70 శాతం 7 లక్షలు. ఏటా 36 వేలు తక్కువ పడింది. ఫరవాలేదు, సర్దుకోవచ్చు. పావు వంతే కట్టాడనుకుందాం. చేతికొచ్చేది మూడున్నర లక్షలే. ఏటా 3 లక్షల 86 వేలు లోటు. ఊళ్ళో 700 ఇళ్ళుంటే ఇంటికి 550 డాలర్ల పైచిలుకు, ఒక్క ఏడాదికి. అప్పు ఇచ్చినవాడికి ఇళ్ళు కట్టారా లేదా అన్నది అనవసరం. అతనికి వాయిదా కావాలి.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, టిఫ్ అంటే అదే. సోమలింగం పుడితే అందరూ అదృష్టవంతులే. పుట్టకపోతే ఉయ్యాల ఖర్చు ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

ఇక నిజం కిల్లింగ్‌టన్‌కి వద్దాం. కొండ అడుగున ఒక పెద్ద పల్లె కట్టాలన్న ఆలోచన దశాబ్దాల తరబడి కాగితాల మీదే ఉండిపోయింది. అడ్డంకుల్లో నీళ్ళు ఒకటి. అప్పటికి ఊరందరికీ పనికొచ్చే నీటి సరఫరా లేదు, ఎవరి బావి వాళ్ళది. దానికి తోడు ఊరి ప్రాథమిక పాఠశాల బావి నీళ్ళలో పీఫాస్ అనే రసాయనాలు బయటపడ్డాయి. మాడని పెనాల పూతల్లో, మరకలంటని బట్టల్లో వాడే జాతి రసాయనాలివి. ఒకసారి నీళ్ళలో చేరితే ఒక పట్టాన పోవు. కాబట్టి నీళ్ళ గొట్టం అవసరం రాబోయే హోటలువాడిదే కాదు, బడి పిల్లలది కూడా.

2023 మార్చిలో జరిగిన వార్షిక సభలో ఊరివాళ్ళు 4 కోట్ల 70 లక్షల డాలర్ల బాండ్లకి ఓటు వేశారు. 1,407 తలలకి పంచితే తలకి 33 వేల డాలర్ల పైమాటే. ఆ డబ్బు నీటి సరఫరాకీ రోడ్డుకీ. తీర్చే దారి టిఫ్. వెర్మాంట్ నియమాల ప్రకారం ఆ ప్రాంతంలో పెరిగిన రాష్ట్ర విద్యా పన్నులో 70 శాతం దాకా, 20 ఏళ్ళ దాకా, అప్పు తీర్చడానికి ఊరు ఉంచుకోవచ్చు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. వెర్మాంట్‌లో బడుల కోసం వసూలయ్యే ఆస్తిపన్ను రాష్ట్రమంతటి ఉమ్మడి ఖాతాకి చేరుతుంది. ఖరీదైన ఇళ్ళున్న కొండ ఊళ్ళు ఎక్కువ కడతాయి, పేద ఊళ్ళు లాభపడతాయి. దీని మీద కోపంతో 2004లో కిల్లింగ్‌టన్ వాళ్ళు వెర్మాంట్ వదిలేసి న్యూ హాంప్‌షైర్‌లో కలుస్తామని ఏకంగా తీర్మానమే చేశారు! అది జరిగే పని కాదు, జరగలేదు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అదే ఉమ్మడి ఖాతాకి పోవలసిన పెరుగుదలలో పెద్ద వాటా ఊళ్ళోనే నిలిచే ఏర్పాటు వచ్చింది.

ఇక్కడే విమర్శ కూడా. "ఈ గొట్టాలు వెయ్యకపోతే అభివృద్ధి రాదు" అన్నది నిజమయితేనే ఆ 70 శాతం న్యాయం. ఎలాగూ వచ్చే అభివృద్ధే అయితే ఎక్కడో మూలనున్న ఊరి బడి డబ్బు ఈ కొండకి మళ్ళినట్టు. ఏది నిజమో ముందుగా రుజువు చెయ్యడం ఎవరి తరమూ కాదు.

మరొక సంగతి. 2024లో కిల్లింగ్‌టన్ స్కీ కొండని పాత యాజమాన్యం కొత్తవాళ్ళకి అమ్మింది. కొండ చేతులు మారుతుంది. ఊరు చేసిన అప్పు మాత్రం చేతులు మారదు.

బిగ్ స్కై దారి: వచ్చినవాడే కడతాడు

మోంటానాలోని బిగ్ స్కై 1973లో తెరిచారు. అది చట్టం దృష్టిలో ఊరే కాదు. మేయరు లేడు, పురపాలక సంఘం లేదు, రెండు కౌంటీల మధ్య పరుచుకుని ఉంది. 1992లో అక్కడివాళ్ళు రిసార్ట్ పన్నుకి ఓటు వేశారు. హోటళ్ళు, భోజనాలు, మద్యం, విలాస వస్తువుల మీద 3 శాతం. కిరాణా సరుకుకీ మందులకీ పన్ను లేదు. ఈ తేడా బుర్రపెట్టి ఆలోచించి చేసిందే: యాత్రికుడి జేబు తాకాలి, ఊరివాడి వంటిల్లు తాకకూడదు.

ఆ మరుసటి ఏడే, 1993లో, మురుగు చెరువులు కారుతున్నాయని తేలి కొత్త కనెక్షన్లు ఇవ్వవద్దని రాష్ట్రం ఆపేసింది. గొట్టం చాలకపోతే ఎంత ఖరీదైన స్థలమైనా ఖాళీ స్థలమే! 2020లో అక్కడి ఓటర్లు ఇంకో 1 శాతం వేసుకున్నారు, అచ్చంగా నీళ్ళు, మురుగు వంటి పనుల కోసం.

ఈ దారిలో సుఖం ఏమిటంటే పన్ను ఇవాళే చేతికి వస్తుంది. కష్టం ఏమిటంటే మంచు పడని ఏడాది అది కూడా పడదు.

విస్లర్ నేర్పిన పాఠం

ఊళ్ళో సోమలింగం పుట్టకపోతే ఏమవుతుంది? కెనడాలోని విస్లర్ దానికి జవాబు. అక్కడ లిఫ్టులు మొదలయినది 1966లో. 1975లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి దాన్ని రిసార్ట్ మునిసిపాలిటీగా ప్రకటించింది. అంతకు ముందు చెత్త పోసే చోటనే కొత్త పల్లెకి ముగ్గు వేశారు. 1980లో పక్క కొండ బ్లాక్‌కోంబ్ కూడా తెరిచారు. అంతా బాగుందనుకునే వేళకి వడ్డీలు 20 శాతం దాటాయి, మాంద్యం వచ్చింది, స్థలాలు కొనేవాడు లేడు. సగం కట్టిన పల్లె, నిండా అప్పు.

1983లో రాష్ట్ర ప్రభుత్వం ఒక సంస్థ పెట్టి ఆ భూములనీ బాధ్యతలనీ నెత్తికెత్తుకుంది. మంచి రోజులు వచ్చాక భూములు మెల్లిగా అమ్ముకుంటూ వచ్చింది. 2010లో అదే విస్లర్ ఒలింపిక్ క్రీడలకి వేదిక అయింది. కథ సుఖాంతమే. కానీ సుఖాంతం కావడానికి కారణం పదేళ్ళు ఓపిక పట్టగల పెద్దన్న ఒకడు వెనక ఉండడం. 1,407 మంది ఉన్న ఊరికి అంత ఓపిక ఉండదు.

మనకెందుకు?

మనలో కొందరు ఇలాంటి కొండల దగ్గర రెండో ఇల్లు కొంటున్నారు. అక్కడ పన్ను కడతారు, ఓటు మాత్రం తాము స్థిరంగా ఉండే ఊళ్ళోనే. బాండ్ల మీద ఓటింగు జరిగేటప్పుడు చెయ్యెత్తే హక్కు ఉండదు, లోటు వస్తే కట్టే బాధ్యత ఉంటుంది. మరికొందరు మునిసిపల్ బాండ్ల ఫండ్లలో దాచుకుంటున్నారు. ఆ వడ్డీకి సాధారణంగా ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు కాబట్టి. అంటే ఏదో ఒక ఊరి గొట్టానికి అప్పిచ్చినది మనమే కావచ్చు.

కాబట్టి కొనే ముందు ఊరి కార్యాలయంలో రెండు ప్రశ్నలు అడగండి. ఇళ్ళు అనుకున్నన్ని రాకపోతే వాయిదా ఎవరు కడతారు, బిల్డరు రాతపూర్వకంగా ఏమైనా హామీ ఇచ్చాడా? ఆ కొండ మీద పక్కలు సర్దేవాళ్ళూ, లిఫ్టు నడిపేవాళ్ళూ ఎక్కడ ఉంటారు? రెండోది గొట్టాల ప్రశ్న కాదనిపించవచ్చు. పనివాళ్ళకి ఇల్లు దొరక్కపోతే హోటలు నడవదు, హోటలు నడవకపోతే పన్ను రాదు, పన్ను రాకపోతే అప్పు తీరదు. విస్లర్ 1997లో పనివాళ్ళ ఇళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది ఊరికే కాదు.

మా అబ్బాయికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే నాన్నా, ఆ రోజు నేను అరగంట స్నానం చెయ్యకుండా ఉండవలసిందేమో" అన్నాడు.

"చెయ్యి, ఫరవాలేదు" అన్నాను. "ఆ గొట్టం సైజు నీ అరగంట స్నానాన్ని లెక్కవేసే కట్టారు. లెక్క తప్పితే ఎవరు కట్టాలో అది మాత్రం మరిచిపోకు."