చేతిపనికి చేయూత

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖీ తీరాన వర్ధిల్లిన కలంకారీ విద్య గొప్ప ఓర్పుతో కూడినది. వస్త్రాన్ని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేయాలి. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన నల్లని ద్రవంలో వెదురు కలమును ముంచి రామాయణ భారత గాథలను చిత్రించాలి. ఎరుపు తేలవలసిన చోట పటిక పూయాలి. మాటిమాటికి పారే నీటిలో ఉతకాలి.

ఇంతటి విద్య ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగానికి కొడిగట్టిన దీపమైనది. యంత్రపు అద్దకం చౌకగా లభించసాగినది. ఆలయాలకు పటములు వ్రాయించే దాతలు తగ్గిపోయారు. ఆ దశలో, 1957లో, అఖిల భారత హస్తకళల మండలి అక్కడ ఒక శిక్షణకేంద్రాన్ని నెలకొల్పినది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందు గురువైనారు. ఆ మండలికి అధ్యక్షురాలు కమలాదేవీ చట్టోపాధ్యాయ.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగళూరులో జన్మించారు. బాల్యంలోనే వైధవ్యం ప్రాప్తించినా, లోకనిందకు వెరవక పునర్వివాహం చేసుకొన్నారు; కులస్త్రీలు రంగస్థలం ఎక్కరాదన్న రోజులలో నటించారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, బొంబాయి వీధులలో ఉప్పు పొట్లాలు విక్రయించి కారాగారానికి వెళ్లారు.

స్వాతంత్ర్యం సిద్ధించిన పిమ్మట అధికారపీఠం కన్న శరణార్థుల గుడారాలే ఆమెను ఆకర్షించినవి. దేశవిభజనలో సర్వస్వం కోల్పోయినవారికి చేతిలో ఉన్న పనియే మిగిలిన ఆస్తి అని ఆమె గ్రహించారు. 1948లో భారత సహకార సంఘాన్ని స్థాపించి, ఫరీదాబాదులో వారి పునరావాసానికి పాటుపడ్డారు. 1952లో హస్తకళల మండలి ఏర్పడగా, దాని భారం వహించి పల్లెపల్లెకు తిరిగి పనివారిని వెదకి పట్టుకొన్నారు.

పొయ్యిలో పిల్లి లేవని ఇంట కళ నిలువదు. కళను కాపాడుట అనగా పాతవస్తువును అద్దాలబీరువాలో దాచుట కాదు. పనివానికి ముడిసరుకు, శిష్యుడు, కొనుగోలుదారు లభించునట్లు చూచుట. ఆమె కృషి అంతా ఈ మూడింటి కొరకే.

ఆలయపటము నగరవాసి గోడకు, చీర అంచుకు చేరితే దాని గౌరవం తగ్గదా అన్న సందేహం సహజమే. కాని పదిహేడవ శతాబ్దిలోనే మచిలీపట్నపు అద్దకం ఓడలెక్కి విదేశీయుల గృహాలను అలంకరించినది. మన హస్తకళ ఏనాడూ నిత్యజీవితానికి దూరమైనది కాదు. వాడుక నశించిననాడే అది నశిస్తుంది.

1965 నుండి ఉత్తమ శిల్పులకు జాతీయ పురస్కారాలు లభించసాగినవి. అనామకులుగా బ్రతికిన పనివారి పేర్లు దేశానికి తెలియవచ్చినవి. కమలాదేవికి 1966లో మెగసెసే పురస్కారం లభించినది. 1988 అక్టోబరు 29న ఆమె కన్నుమూశారు. ఇరువది సంవత్సరాల అనంతరం, 2008లో, ఆనాటి గురువు లక్ష్మయ్య కుమారుడు గురప్పచెట్టిని పద్మశ్రీ వరించినది.

కలంకారీ వస్త్రంపై కమలాదేవి పేరు ఎక్కడా కానరాదు. అయినను, ఈనాటికీ ఒక బాలుడు గురువు చెంత కూర్చుండి వెదురు కలము పట్టుచున్నాడన్నచో, ఆ వ్రేళ్ల వెనుక ఆమె చేయూత ఉన్నది.