నిషేధం ఉన్నా వీడని మద్య వ్యసనం
వైద్యం, కుటుంబ సహకారంతోనే విముక్తి

సూరత్: గుజరాత్‌లో 1960లో రాష్ట్రం అవతరించిన నాటినుంచీ మద్యనిషేధం అమలులో ఉంది. అయినా తాగుడు వ్యసనం అక్కడి కార్మికవాడలను వీడలేదు. సూరత్ శివార్లలోని నవాగామ్, దిండోలి, లింబాయత్ ప్రాంతాలు ఇతర రాష్ట్రాలనుంచి వచ్చిన కార్మికుల నివాసాలు. మర మగ్గాల పనికోసం తెలంగాణ జిల్లాలనుంచి వలస వెళ్లిన చేనేత కుటుంబాలు సూరత్‌లో దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. స్వస్థలంలో సారాకు అలవాటుపడిన వ్యక్తి నిషేధం ఉన్న రాష్ట్రానికి చేరితే మారతాడని కుటుంబ సభ్యులు ఆశించడం సహజం. కానీ చట్టం దుకాణాన్ని మూయించగలదే గాని, శరీరం అలవాటుపడిన అవసరాన్ని తొలగించలేదు.

దొంగసారాతో ప్రాణగండం

బహిరంగంగా మద్యం దొరకనిచోట వ్యసనపరుడు దొంగసారాను ఆశ్రయిస్తాడు. కల్తీసారా మరణాలను గుజరాత్‌లో ‘లఠ్ఠాకాండ్’ అని వ్యవహరిస్తారు. 2009లో అహ్మదాబాద్‌లో వందమందికి పైగా, 2022 జూలైలో బోటాద్, అహ్మదాబాద్ జిల్లాలలో 40 మందికి పైగా ఇలాగే మృత్యువాత పడ్డారు. పరిశ్రమల్లో వాడే మిథైల్ ఆల్కహాల్ శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటిచూపును, ఆపైన ప్రాణాలను హరిస్తుంది. తొలి గంటల్లో ఆసుపత్రికి చేరిస్తే విరుగుడు మందులతో, డయాలసిస్‌తో కాపాడే అవకాశం ఉంది. పోలీసు కేసుకు భయపడి రోగిని ఇంట్లోనే ఉంచడం ప్రాణాంతకం.

తెలుగునాట అనుభవం

నిషేధం శక్తి, పరిమితి తెలుగువారికి తెలియనివి కావు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కార్యక్రమంనుంచి పుట్టి, 1992లో రోశమ్మ వంటి గ్రామీణ మహిళల నాయకత్వాన వ్యాపించిన ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకు నష్టం, అక్రమ రవాణా కారణాలుగా ప్రభుత్వం 1997లో దానిని సడలించింది. ఆ ఉద్యమం కూలి డబ్బును ఇంటికి చేర్చింది. కాగా వ్యసనానికి లోనైనవారికి వైద్యం అందించే ఏర్పాట్లు మాత్రం అదే స్థాయిలో విస్తరించలేదు.

హఠాత్తుగా మానితే ప్రమాదం

కేంద్రప్రభుత్వం తరఫున ఎయిమ్స్ జరిపి 2019లో వెల్లడించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం సేవిస్తుండగా, 2.9 కోట్లమంది దానికి బానిసలయ్యారు. వీరిలో ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు తేలింది.

ఏళ్ల తరబడి రోజూ అధికంగా తాగేవారు ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా ఆపివేయడం అన్నివేళలా క్షేమం కాదు. కొద్ది గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర కరువవడం మొదలవుతాయి. రెండు రోజులలోపు మూర్ఛ రావచ్చు. రెండునుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతిభ్రమణం కలుగుతుంది. దీనిని పిచ్చిగానో, గాలిసోకిందనో భావించి భూతవైద్యుల వద్దకు తీసుకుపోవడం వల్ల ప్రాణాలు పోయే ప్రమాదముంది. వైద్యుల పర్యవేక్షణలో మత్తు తగ్గించే మందులు, బి-1 విటమిన్ ఇస్తే ఈ దశను క్షేమంగా దాటవచ్చు. అనంతరం తాగాలనే కోరికను అణచే నాల్ట్రెక్సోన్ వంటి మందులు కూడా ఉన్నాయి. తాగేవానికి తెలియకుండా అన్నంలో మందు కలపడం మాత్రం పెను ప్రమాదం. డైసల్ఫిరామ్ కడుపులో ఉండగా మద్యం సేవిస్తే ప్రాణాపాయం ఏర్పడవచ్చు.

కూలి పోతుందన్న భయం

నేసిన మీటరు లెక్కన కూలి పొందే కార్మికుడికి ఆసుపత్రిలో గడిపే వారం రోజులంటే వారం కూలి పోయినట్లే. చికిత్సకు వెనుకాడడానికి సిగ్గుతోపాటు ఇదీ ప్రధాన కారణం. అయితే వ్యసనం ముదరనివారికి మాటలతోనే మేలు జరుగుతుందని గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో జరిగిన అధ్యయనం నిరూపించింది. వైద్యులు కానివారు కొద్దిపాటి శిక్షణతో నాలుగు విడతలకు మించకుండా సలహాలివ్వగా, మూడు నెలల తర్వాత 36 శాతం మంది హానికరమైన తాగుడునుంచి బయటపడ్డారు. సాధారణ వైద్యసేవలు మాత్రమే పొందినవారిలో ఇది 26 శాతమే. 2017లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. ఇటువంటి సలహా కార్మికుడి సొంత భాషలో, షిఫ్టు ముగిసే వేళకు అందితే ప్రయోజనం మరింత ఎక్కువగా ఉంటుంది.

1935లో అమెరికాలో ఆరంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలలో మానినవారే మానదలచినవారికి తోడు నిలుస్తారు. భారతదేశంలోనూ ఇవి పనిచేస్తున్నాయి. సభ్యత్వ రుసుము లేదు, పేరు బయటపెట్టరు.

సూరత్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కేంద్రప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ కేంద్రానికి 14446 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మానిన తర్వాత తిరిగి తాగడం చాలామందిలో కనిపించేదే. అప్పుడు ఇంటివారు నిందించి వదలివేయక, మరల వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం అవసరం. జీతం చేతికందే రోజు ఈ ప్రమాదానికి ఆస్కారం ఎక్కువ కనుక ఆనాడు కుటుంబ సభ్యులెవరైనా వెంట ఉండడం మంచిది.